ఓపెన్ టెన్త్ చదవాలనుకుంటే ముందు పెన్ను పట్టండి

"టీచర్, ఈ వయసులో నాకు చదువు బుర్రకెక్కుతుందా?"

మా స్టడీ సెంటర్‌కి మొదటిసారి వచ్చే పెద్దవాళ్లలో ఎక్కువ మంది అడిగేది ఇదే. ఎక్కుతుంది. ఇరవై ఏళ్లు ఇల్లు నడిపినవాళ్లకి, మహిళా సంఘం లెక్కలు చూసినవాళ్లకి, గల్ఫ్‌లో భాష రాని చోట పని నేర్చుకుని బతికి వచ్చినవాళ్లకి పదో తరగతి పుస్తకంలో అర్థం కానిది పెద్దగా ఉండదు. ఇబ్బంది ఇంకోచోట ఉంది. పాఠం వింటారు, గుర్తుపెట్టుకుంటారు, అడిగితే నోటితో చక్కగా చెప్తారు. అదే కాగితం మీద పెట్టమంటే నాలుగు లైన్లకే చెయ్యి ఆగిపోతుంది. పెద్దవాళ్లు పరీక్ష తప్పడానికి నేను చూసినంతలో మొదటి కారణం ఇది. అందుకే ఫీజులు, ఫారాల గురించి కొంచెమే చెప్పి, రాత గురించి ఎక్కువ చెప్తాను.

మాది జగిత్యాల జిల్లా. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నప్పటి నుంచీ ఆదివారాలు ఓపెన్ స్కూల్ క్లాసులు తీసుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో బీడీలు చుట్టేవాళ్లు, కుట్టు మిషన్ పెట్టుకున్నవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, కూతురు టెన్త్‌కి రాగానే తనకీ చదవాలనిపించిన తల్లులు ఉంటారు. నేను చెప్పేదంతా వాళ్లతో కూర్చున్నప్పుడు తెలిసిందే.

ముందుగా, ఇది ఏ చదువు

మన రాష్ట్రంలో దీన్ని నడిపేది తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ. అందరూ టాస్ అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో మొదలైన ఓపెన్ స్కూల్ సొసైటీ, 2014 తర్వాత రెండు రాష్ట్రాలకీ వేరువేరుగా అయింది. ఆంధ్రాలో ఉన్నవాళ్లకి ఏపీ ఓపెన్ స్కూల్ ఉంది. పద్ధతి చాలావరకు ఒకటే. ఢిల్లీ దగ్గర నోయిడాలో ప్రధాన కార్యాలయం ఉన్న ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ సంస్థ కూడా టెన్త్, ఇంటర్ రాయిస్తుంది. అది 1989లో ఏర్పడింది. ఊళ్లు మారుతూ ఉండే ఉద్యోగులకి, వేరే రాష్ట్రంలో ఉంటున్నవాళ్లకి అది వీలుగా ఉంటుంది. ఇక్కడే ఉండి, తెలుగులో చదివి, తెలుగులో రాయాలనుకునేవాళ్లకి నేను రాష్ట్ర ఓపెన్ స్కూలే చెప్తాను. సెంటర్ దగ్గరలో ఉంటుంది, ఏదైనా చిక్కు వస్తే వెళ్లి మనిషిని అడగొచ్చు.

ఓపెన్ టెన్త్‌కి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకి హద్దు లేదు. బడి మధ్యలో మానేసినవాళ్లు చేరొచ్చు, అసలు బడికే వెళ్లనివాళ్లు కూడా చేరొచ్చు. పాసైన సర్టిఫికెట్‌కి రెగ్యులర్ టెన్త్‌తో సమానమైన విలువ ఉంటుంది. దాంతో ఇంటర్‌లో చేరొచ్చు, ఐటీఐకి వెళ్లొచ్చు, టెన్త్ అర్హతగా అడిగే ఉద్యోగాలకి దరఖాస్తు పెట్టొచ్చు. మా వైపు చాలామందికి తెలిసిన ఇంకో లాభం పాస్‌పోర్టులో ఉంది. టెన్త్ పాసైతే ఈసీఎన్‌ఆర్ పాస్‌పోర్టు వస్తుంది. గల్ఫ్ వెళ్లేటప్పుడు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కోసం తిరిగే పని తప్పుతుంది.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. "క్లాసులకి రానక్కర్లేదు, పరీక్ష మేం చూసుకుంటాం, ఇంత ఇస్తే మెమో చేతిలో పెడతాం" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. పేరు వినని ఏదో బోర్డు మెమో తెచ్చి ఇస్తారు. ఒక తమ్ముడు అలా కొనుక్కున్న మెమోతో ఉద్యోగానికి వెళ్తే, వెరిఫికేషన్‌లో అది చెల్లలేదు. డబ్బు పోయింది, రెండేళ్లు పోయాయి. ఆ తర్వాత నా దగ్గర కూర్చుని చదివి సొంతంగా పాసయ్యాడు. మీరు చేరే సెంటర్ ఓపెన్ స్కూల్ వెబ్‌సైట్‌లో ఉన్న జాబితాలో ఉందో లేదో చూసుకుని గానీ ఎవరికీ రూపాయి ఇవ్వకండి.

కాగితాలు

అడ్మిషన్ల నోటిఫికేషన్ సాధారణంగా జూన్, జూలై తర్వాత వస్తుంది. మొదటి గడువు దాటితే ఆలస్య రుసుముతో ఇంకొన్నాళ్లు తీసుకుంటారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. మీసేవలో చేయించుకోవచ్చు, సెంటర్ వాళ్లని అడిగినా చెప్తారు. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకి, దివ్యాంగులకి ఫీజులో రాయితీ ఉంటుంది. కుల ధ్రువీకరణ పత్రం ముందే తీసి పెట్టుకోండి.

చదువు మానేసిన బడి నుంచి టీసీ గానీ రికార్డు షీట్ గానీ తెచ్చుకోవాలి. ముప్పై ఏళ్ల కిందట మానేసిన బడికి ఇప్పుడు వెళ్లడానికి చాలామంది మొహమాటపడతారు. వెళ్లండి. అడ్మిషన్ రిజిస్టర్లు బడుల్లో భద్రంగా ఉంచుతారు. హెడ్మాస్టర్‌కి మీరు చదివిన సంవత్సరం, మీ నాన్న పేరు, ఇంటి పేరు చెప్తే వెతికించి ఇస్తారు. బడికి వెళ్లనివాళ్లు పుట్టిన తేదీ ఆధారంతో పాటు సొంత డిక్లరేషన్ ఇస్తే సరిపోతుంది.

ఇక ఆధార్. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. మన ఊళ్లలో చాలామంది ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది. అప్పుడు తెలియక ఎవరో ఒకరు అలా రాయించారు. టెన్త్ మెమోలో పడిన తేదీయే ఇక జీవితాంతం మీ పుట్టిన తేదీ. ఉద్యోగానికి, పాస్‌పోర్టుకి, పెన్షన్‌కి అదే చూస్తారు. కాబట్టి టీసీలో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే, ఓపెన్ స్కూల్‌కి దరఖాస్తు పెట్టకముందే సరిచేయించుకోండి. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు. సరైన రుజువు చేతిలో పెట్టుకుని ఒకేసారి చేయించుకోవాలి. ఆడవాళ్లకి ఇంటి పేరు చిక్కు కూడా ఉంటుంది. టీసీలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. తండ్రి పేరు ఉండాల్సిన చోట భర్త పేరు. ఏ పేరుతో మెమో కావాలో ముందే తేల్చుకుని, అన్నింట్లో అదే ఉండేలా చూసుకోండి.

ఏ సబ్జెక్టులు తీసుకోవాలి

రెగ్యులర్ టెన్త్‌లా ఇక్కడ అందరికీ ఒకే సబ్జెక్టులు ఉండవు. ఐదు సబ్జెక్టులు మీరే ఎంచుకోవాలి. వాటిలో కనీసం ఒకటి భాష అయి ఉండాలి. తెలుగు, ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ లాంటి భాషలు ఒక వైపు, లెక్కలు, సైన్స్, సోషల్, ఎకనామిక్స్, బిజినెస్ స్టడీస్, హోమ్ సైన్స్, సైకాలజీ లాంటివి ఇంకో వైపు ఉంటాయి. ఒక్కో దాంట్లో 100కి 35 వస్తే పాస్. ఎన్‌ఐఓఎస్‌లో అయితే 33.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. "లెక్కలు, ఇంగ్లిష్ తీసేసి మిగతావి ఇప్పించండి టీచర్" అంటారు. పాస్ కావడమే ముఖ్యమనుకుంటే అది తప్పేమీ కాదు. యాభై దాటిన ఒక అక్క, తన పేరు పక్కన టెన్త్ అని ఉండాలని, అది చాలని చదివింది. ఆమెకి తెలుగు, సోషల్, హోమ్ సైన్స్, సైకాలజీ, బిజినెస్ స్టడీస్ ఇప్పించాను. కానీ మీకు ముందుముందు ఉద్యోగం ఆశ ఉంటే ఆగి ఆలోచించండి. పోస్టాఫీసులో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి టెన్త్‌లో లెక్కలు, ఇంగ్లిష్ పాసై ఉండాలి, స్థానిక భాష కూడా టెన్త్ వరకు చదివి ఉండాలి. పాలిటెక్నిక్ ఆలోచన ఉంటే లెక్కలు ఉండాల్సిందే. ఈ సంగతి మెమో చేతికొచ్చాక తెలుసుకుని బాధపడినవాళ్లని చూశాను. అందుకే నలభై లోపు ఉన్న ఎవరు వచ్చినా తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, సోషల్ అనే నాలుగూ రాయించి, ఐదోది మాత్రం వాళ్లనే ఎంచుకోమంటాను.

హోమ్ సైన్స్ మన పనే కదా, చదవకపోయినా రాయొచ్చు అనుకోకండి. పిల్లలకి ఏం పెట్టాలో మీకు తెలుసు. పరీక్షలో అడిగేది మాంసకృత్తులు ఏం చేస్తాయి, ఏ విటమిన్ తక్కువైతే ఏ జబ్బు వస్తుంది అని. ఆ పేర్లు నేర్చుకోవాలి. తెలిసిన పనికి పేర్లు నేర్చుకోవడం సులువు, అంతే.

మునుపు రెగ్యులర్ టెన్త్ రాసి ఒకటి రెండు సబ్జెక్టుల్లో తప్పినవాళ్లు ఉంటే, పాసైన సబ్జెక్టుల్లో రెండింటి మార్కుల వరకు ఇక్కడికి బదిలీ చేసుకునే వీలుంది. దానికి కొన్ని షరతులున్నాయి. పాత మెమో పారేయకుండా సెంటర్‌కి పట్టుకెళ్లి చూపించండి.

చేతికి రాత

ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

పుస్తకాలు చేతికి రాకముందే, అడ్మిషన్ వేసిన రోజు నుంచే రాయడం మొదలుపెట్టండి. ఏం రాయాలని అడగకండి. మొదటి పదిహేను రోజులు ఏదైనా సరే. కిరాణా చీటీ రాయండి. ఇవాళ ఏం పని చేశారో ఐదు లైన్లు రాయండి. మహిళా సంఘంలో ఉంటే మీటింగ్ తీర్మానాలు మీరే రాస్తానని అడిగి తీసుకోండి. నా దగ్గర చదివిన ఒక అక్క ఏడాదంతా సంఘం పుస్తకం రాసింది. తేదీ, ఎవరెవరు వచ్చారు, ఎంత పొదుపు జమయింది, ఎవరికి అప్పు తీర్మానించారు అని పేజీ పేజీన్నర. ఆమెకి సోషల్ పేపర్ భయమే లేకుండా పోయింది, ఎందుకంటే ఒక విషయాన్ని వరసగా కాగితం మీద పెట్టడం అలవాటైపోయింది.

మొదటి రోజుల్లో మూడు ఇబ్బందులు వస్తాయి. వేళ్లు నొప్పి పుడతాయి. బీడీలు చుట్టేవాళ్లకి ఇది మరీ ఎక్కువ, రోజంతా అవే వేళ్లతో ఆకు మడిచి మడిచి ఉంటారు. వాళ్లని పొద్దున పని మొదలుపెట్టకముందు రాయమంటాను. సన్నటి రీఫిల్ పెన్ను గట్టిగా పట్టుకుని నొక్కి రాస్తారు, దాని బదులు కొంచెం లావుగా ఉండి, నొక్కకుండానే రాసే పెన్ను కొనుక్కోండి. పరీక్షకి కూడా అదే పెన్ను పట్టుకెళ్లండి.

రెండోది అక్షరాలు. ఒత్తులు, దీర్ఘాలు, ఏత్వం ఓత్వం తడబడతాయి. చదివేటప్పుడు తప్పు లేకుండా చదువుతారు, రాసేటప్పుడు ఎక్కడ ఏ ఒత్తు అని ఆగిపోతారు. ఇందుకు నేను చేయించేది చూచిరాత. రోజూ పుస్తకంలో ఒక పేరా చూసి రాయడం. నాలుగైదు వారాలు చేశాక, అదే పేరా చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంత రాయడం. తర్వాత పుస్తకం తెరిచి తప్పులు మీరే ఎర్ర పెన్నుతో దిద్దుకోవడం. తప్పు మీరే పట్టుకుంటే మళ్లీ ఆ తప్పు రాయరు. వేరేవాళ్లు దిద్దితే, ముఖ్యంగా ఇంట్లో పిల్లలు నవ్వుతూ దిద్దితే, పుస్తకం మూలన పడేస్తారు. పిల్లలకి ఈ మాట నేనే పిలిచి చెప్తాను, అమ్మ తప్పు రాస్తే నవ్వొద్దని.

మూడోది కళ్లు. ఇది చాలామందికి తట్టదు. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది. కాసేపు చదివితే తలనొప్పి, నిద్ర. "నాకు చదువు పడదు టీచర్" అంటారు. పుస్తకం దూరంగా పట్టుకుని చదువుతున్నారంటే చదువుది తప్పు కాదు, అద్దాలు కావాలి. చదువు మొదలుపెట్టే ముందు కంటి పరీక్ష చేయించుకోండి. అద్దాలు పెట్టుకున్న వారానికే పది పేజీలు చదివిన మనుషులున్నారు.

చెయ్యి కొంచెం తిరిగాక, రాసే సమయం పెంచాలి. మొదటి నెల అరగంట. రెండో నెల నుంచి గంట, ఆగకుండా. పరీక్షకి రెండు నెలల ముందు నుంచి వారానికి ఒకసారి మూడు గంటలు, గడియారం ముందు పెట్టుకుని, పాత ప్రశ్నపత్రం ఒకటి మొత్తం రాయాలి. నేల మీద కూర్చుని రాయడం అలవాటైనవాళ్లు ఈ రోజు మాత్రం కుర్చీ, బల్ల మీద రాయండి. పరీక్షలో బెంచీ మీదే కదా కూర్చునేది. పెద్దవాళ్లకి మూడు గంటలు కదలకుండా బెంచీ మీద కూర్చోవడమే కష్టం. నడుము నొప్పి మొదటిసారి పరీక్ష హాల్లో తెలియకూడదు.

జవాబు ఎలా రాయాలనేది కూడా నేర్చుకోవాలి. పెద్దవాళ్లు మాట్లాడినట్టే రాస్తారు. చుట్టూ తిరిగి అసలు సంగతి చివర్లో చెప్తారు. దిద్దేవాళ్లకి అంత తీరిక ఉండదు. ప్రశ్న ఏం అడిగిందో ఆ మాటతోనే మొదటి లైను మొదలుపెట్టండి. "గ్రామ పంచాయతీ విధులేవి?" అని అడిగితే, "గ్రామ పంచాయతీ విధులు ఇవి" అని రాసి, ఒకటి, రెండు, మూడు అని కింద కింద వేయండి. మీ ఊళ్లో పంచాయతీ ఏం చేస్తుందో మీకు తెలుసు: నల్లా నీళ్లు, వీధి దీపాలు, మురికి కాలువలు, ఇంటి పన్ను. ఇవే జవాబులు. నాలుగు మార్కుల ప్రశ్నకి నాలుగు మంచి పాయింట్లు చాలు, పేజీలు నింపనక్కర్లేదు. ప్రశ్న నంబరు మార్జిన్‌లో స్పష్టంగా వేయండి. బాగా వచ్చినవి ముందు రాయండి. సగం తెలిసినది ఖాళీగా వదలకండి, తెలిసిన సగం రాయండి.

లెక్కలంటే భయపడేవాళ్లకి

మీకు లెక్కలు వచ్చు. పుస్తకంలో లెక్క రాసే పద్ధతి మాత్రం కొత్త. మనం వడ్డీ ఎలా చెప్పుకుంటాం? నూటికి రెండు రూపాయలు అంటాం. అంటే నెలకి వంద మీద రెండు రూపాయలు. పది వేలు తీసుకుంటే నెలకి 200, ఏడాదికి 2,400. ఇది నోటితో చెప్పని మనిషిని మా సంఘాల్లో చూడలేదు. పుస్తకంలో దీన్నే సాధారణ వడ్డీ అంటారు. వడ్డీ రేటు ఏడాదికి చెప్తారు కాబట్టి నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. అసలు 10,000, కాలం 1 సంవత్సరం, రేటు 24. మూడూ గుణించి వందతో భాగిస్తే 2,400. మీ నోటి లెక్క, పుస్తకం లెక్క ఒకటే వచ్చాయి. ఈ ఒక్క లెక్క బోర్డు మీద వేసిన రోజు క్లాసులో ముఖాలు వెలిగిపోతాయి.

భూమి లెక్క కూడా అంతే. గుంట అంటే 121 చదరపు గజాలు, నలభై గుంటలు ఎకరం, అంటే 4,840 చదరపు గజాలు. పొడవు, వెడల్పు గుణిస్తే వైశాల్యం అని మళ్లీ చెప్పాల్సిన పని లేదు. శాతాలు, లాభనష్టాలు, వడ్డీ, వైశాల్యాలు, సగటు గట్టిగా పట్టుకుంటే 35 మార్కులకి చాలావరకు దగ్గరపడతారు. తర్వాత వీలైతే బీజగణితంలో సులువైన సమీకరణాలు చేయండి. అన్ని పాఠాలూ చేయాలని మొదటి నెలలోనే త్రికోణమితి దగ్గర ఆగిపోవద్దు. ఇంకోటి, జవాబు నోటితో వచ్చేసినా మధ్య మెట్లన్నీ రాయండి. జవాబు తప్పినా మెట్లకి మార్కులు పడతాయి.

ఇంగ్లిష్ గురించి ఒక్క మాట. పేరా ఇచ్చి ప్రశ్నలు అడిగితే, జవాబు ఆ పేరాలోనే ఉంటుంది. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతికి, ఆ లైను రాయండి. ఉత్తరం రాసే పద్ధతి, ఫారం నింపడం, ఇవి రెండూ చేత్తో చాలాసార్లు రాస్తే చెయ్యే గుర్తుపెట్టుకుంటుంది.

ఇల్లు, పని, చదువు

సెంటర్‌లో కాంటాక్ట్ క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లో జరుగుతాయి. రావడం తప్పనిసరా అని అడుగుతారు. రండి. ఇంట్లో ఒక్కరే కూర్చుంటే పుస్తకం తెరవరు, పక్కన మీలాంటివాళ్లు పది మంది ఉంటే తెరుస్తారు. పాఠ్యపుస్తకాలు ఓపెన్ స్కూల్ వెబ్‌సైట్‌లో కూడా ఉంటాయి, ఫోన్‌లో పెట్టుకోవచ్చు. టీ-సాట్ విద్య ఛానల్లో పాఠాలు వస్తాయి, అవి కూడా చూడండి. మా దగ్గర బీడీలు చుట్టేవాళ్లు మంచి పని చేశారు. వాకిట్లో అందరూ చాటలు పెట్టుకుని కూర్చుంటే, టెన్త్ చదివే ఒకరి కూతురు సోషల్ పాఠం గట్టిగా చదివేది. వినడం అక్కడ అయిపోయేది, రాయడం మాత్రం ఎవరింట్లో వాళ్లు చేసుకునేవారు. ఈ రెండోది మానేసినవాళ్లకి మొదటిది పనికి రాలేదు.

ఇంట్లో చెప్పకుండా చదువుదాం, పాసయ్యాక చెప్దాం అనే ఆలోచన చాలామందికి వస్తుంది. ఫెయిలైతే నలుగురిలో నామోషీ అని. నేను వద్దంటాను. దాచి చదివితే సమయం దొరకదు. రోజుకి గంట కావాలని నేరుగా అడగండి. "అత్తమ్మా, పొద్దున ఐదు నుంచి ఆరు వరకు నేను రాసుకుంటాను, ఆ గంట పొయ్యి నువ్వు చూసుకో" అని ఒక కోడలు మా ముందే ఫోన్‌లో అడిగింది. ఆ అత్తమ్మ ఒప్పుకోవడమే కాదు, పరీక్షల రోజు సెంటర్ దాకా తోడు వచ్చింది. అందరిళ్లలో ఇంత సులువుగా అవదని నాకు తెలుసు. కానీ అడగకపోతే ఏ ఇంట్లోనూ అవదు. భర్త గల్ఫ్‌లో ఉంటే, రాత్రి ఫోన్ మాట్లాడే సమయాన్ని బట్టి మీ రాత గంటని ముందో వెనకో పెట్టుకోండి. ఏ గంటైనా సరే, రోజూ అదే గంట ఉండాలి.

పరీక్ష ఫీజు, పరీక్ష రోజులు

అడ్మిషన్ ఫీజు కట్టాం కదా, అన్నీ అయిపోయాయి అనుకోవద్దు. పరీక్ష ఫీజు వేరు, సబ్జెక్టుకి ఇంత అని వేరే నోటిఫికేషన్ వస్తుంది. ఏడాదంతా చదివి, ఆ గడువు చూసుకోక ఆ విడత పరీక్ష పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి వారానికోసారి సెంటర్‌కి ఫోన్ చేసి అడగండి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి, ఎండాకాలంలో ఒకసారి, దసరాకి అటూఇటూగా ఒకసారి. ఐదూ ఒకేసారి రాయాలని లేదు. మీరు సిద్ధమైనవే ముందు రాయొచ్చు. చెయ్యి సరిగా తిరగనివాళ్లకి నేను మొదటి విడతలో మూడే రాయమని చెప్తాను.

హాల్ టికెట్ రాగానే పేరు, ఫోటో, సబ్జెక్టులు, మీడియం సరిగా ఉన్నాయా చూడండి. తెలుగు మీడియం బదులు ఇంగ్లిష్ మీడియం అని పడితే ప్రశ్నపత్రం అదే వస్తుంది, పరీక్ష రోజు ఎవరూ ఏమీ చేయలేరు. పరీక్షకి ముందు రోజు సెంటర్ ఎక్కడుందో ఒకసారి చూసి రండి. షుగర్ ఉన్నవాళ్లు ఇన్విజిలేటర్‌కి ముందే చెప్పి మాత్రలు, నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి. చదివే అద్దాలు మర్చిపోవద్దు. చూపు, చేతి వైకల్యం ఉన్నవాళ్లకి రాసిపెట్టే మనిషి, అదనపు సమయం ఇస్తారు. అది పరీక్షకి చాలా ముందే సర్టిఫికెట్‌తో అడగాలి. పక్కవాళ్లు చిట్టీ ఇస్తే తీసుకోకండి. పట్టుబడితే రాసిన పేపర్లు కూడా పోతాయి, ఇంతకాలం పెట్టిన కష్టం ఒక చిట్టీకి పోగొట్టుకోవద్దు.

ఒక సబ్జెక్టు తప్పితే

తప్పిన సబ్జెక్టు ఒక్కటే మళ్లీ రాస్తారు. పాసైన వాటి మార్కులు అలాగే ఉంటాయి. మీ రిజిస్ట్రేషన్ ఐదేళ్లు ఉంటుంది, ఆ ఐదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్ష రాయొచ్చు. 30, 32 దగ్గర ఆగితే, బాగా రాశానన్న నమ్మకం ఉంటే రీకౌంటింగ్‌కి పెట్టుకోండి, దానికి కొద్ది రోజులే గడువుంటుంది. తప్పిన పేపరు ఎందుకు తప్పిందో చూడండి. పూర్తిగా రాయలేకపోయారా, తెలియక రాయలేదా? సమయం చాలక తప్పితే కొత్తగా ఏమీ చదవక్కర్లేదు, వారానికి రెండు పాత పేపర్లు గడియారం పెట్టి రాయండి. మా దగ్గర తప్పినవాళ్లలో ఎక్కువ మందికి ఈ మందే పనిచేసింది.

మెమో చేతికొచ్చిన రోజు సంతోషంలో మడిచి బీరువాలో పెట్టేస్తారు. ముందు కూర్చుని ఆధార్ పక్కన పెట్టుకుని చదవండి. మీ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్కో అక్షరం చూడండి. తేడా ఉంటే ఆ వారంలోనే సెంటర్‌లో చెప్పి దిద్దుబాటుకి పెట్టండి. ఇంటర్‌కో ఐటీఐకో వెళ్లేవాళ్లు మైగ్రేషన్ సర్టిఫికెట్ అవసరమా అని చేరే కాలేజీలోనే అడిగి తీసుకోండి. మెమో జిరాక్సులు నాలుగైదు తీయించుకుని అసలుది ఇంట్లోనే ఉంచండి. దాన్ని లామినేషన్ చేయించొద్దు, ముందుముందు దాని మీద స్టాంపో సంతకమో వేయాల్సి వస్తే వీలుపడదు. ప్లాస్టిక్ కవరు చాలు.